శుక్రవారం బిల్లు

బకెట్టులో మిగిలిన నీళ్ళు పారబోసి, దాన్ని మూలన బోర్లించింది ఉమారాణి. గ్యాసు బండకి రెగ్యులేటరు ఊడదీసింది. అగ్గిపెట్టె, కత్తెర, కూరలు తరిగే చాకు ఒక డబ్బాలో వేసి అటక మీదికి తోసింది. హీటరు తీగ ప్లగ్గులోంచి లాగి, చుట్ట చుట్టి, దాన్నీ పైకే ఎక్కించింది. గదిలో అప్పటిదాకా ఉన్న ఆ కాస్త వెచ్చదనం ఐదు నిమిషాల్లో గోడలు తాగేస్తాయని తెలుసు. డిసెంబరు చలికి పిల్ల దగ్గుతుందేమో గానీ, కాలదు. రోజూ పొద్దున్నే ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి.

సాత్విక రెండు స్వెట్టర్లలో ఉబ్బిపోయి, మంచం మీద కూర్చుని, తల్లి చేసే పనులన్నీ చూస్తోంది. రెండున్నరేళ్ళ పిల్లకి ఆ వరస కంఠతా వచ్చేసింది. హీటరు పైకి వెళ్ళిందంటే అమ్మ బయటికి వెళ్ళిపోతుంది.

“ఏడవకూడదు. ఏడిస్తే ఏమొస్తుంది?”

“దగ్గొత్తుంది.”

“అమ్మ ఎప్పుడొస్తుంది?”

“అన్నంప్పుడు.”

తలుపు లాగి గొళ్ళెం పెట్టి తాళం వేసింది. పక్క క్వార్టరు ముందు చాందిని కూడా అదే పనిలో ఉంది. బీహారు మనిషి. గోడ అవతలి బంగళాలో పని. కూతురు పింకీకి మూడేళ్ళు నిండలేదు. రెండు బంగళాల పనివాళ్ళ క్వార్టర్లూ వెనకవైపు ఒకే సందులోకి తెరుచుకుంటాయి.

“చలో ఉమా, జైలర్లమిద్దరం డ్యూటీకి పోదాం” అంది చాందిని హిందీలో, తాళంచెవి కొంగున ముడేసుకుంటూ.

“నోటికేదొస్తే అది అనకు దీదీ.”

“నా నోటికే కదా తాళం లేనిది. ఉండనీ.”

ఉమారాణి సందు చివరిదాకా మెల్లిగా నడిచింది. అడుగుల చప్పుడు దూరమయ్యాకే సాత్విక ఏడుపు ఎత్తుకుంటుంది. మూలమలుపు తిరిగేసరికి అది రానే వచ్చింది. ఇక పరుగులాంటి నడకతో బంగళా వెనక తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గది ఇస్తారు, కరెంటూ నీళ్ళూ ఇస్తారు, దానికి బదులు ఇంట్లో ఒక మనిషి పనిచెయ్యాలి. ఇక్కడి ఎంపీల బంగళాల్లో పద్ధతి అది. మొగుడు రవికిరణ్ నోయిడాలో ఏదో కంపెనీ వాళ్ళ క్యాబు తోలతాడు. తెల్లవారకముందే వెళ్తే సాయంత్రానికి గానీ రాడు. “ఎంపీ గారి ఇల్లు, అందులోనూ మన జిల్లా మనిషి, బయట ఈ గది దొరకాలంటే ఎంతవుద్దో తెలుసా?” అని అతనంటే, ఉమారాణీ నిజమే అనుకుంది. చేరిన రోజున పీయే రఘునందన్ ఒక్కటే మాట చెప్పాడు. “ఇంట్లోనే ఆఫీసు. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఉంటారు. పిల్లని మాత్రం తీసుకురాకమ్మా.”

ఎంపీ ఛాయాదేవి గారు మంచి మనిషి. ఆ సంగతి ఉమారాణికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. పదో తరగతి పరీక్షలు రాయకుండానే బడి మానేసినా, తెలుగు పేపరు చదవడం ఆమెకి నీళ్ళు తాగినంత సులువు. అందుకే ఇస్త్రీ, ఊడుపు, గిన్నెలతోపాటు పేపర్ల పని కూడా ఆమెకే వచ్చింది. రోజూ మేడమ్ పేరున్న వార్తలన్నీ కత్తిరించి, మూలన తేదీ వేసి, లావుపాటి ఫైల్లో అంటించాలి. అంగన్‌వాడీ ఆయాల కోసం గళమెత్తిన ఛాయాదేవి. బీడీలు చుట్టే చేతుల పక్షాన ఛాయాదేవి. పొలాల్లో కూలికెళ్ళే బాలింతలకి సెలవు కావాలన్న ఛాయాదేవి. రెండేళ్ళలో మూడు ఫైళ్ళు నిండాయి. అంటించిన ప్రతిసారీ, ఎక్కడో ఎవరో ఒకామెకి మేలు జరిగిపోయిందని ఉమారాణి అనుకునేది.

ఆ బుధవారం నేతచీరకి ఇస్త్రీ చేస్తూ మూడుసార్లు గోడ గడియారం వైపు చూసింది. నాలుగోసారి చూసేసరికి గుమ్మంలో ఛాయాదేవి గారు నిలబడి ఉన్నారు.

“ఏంటే, రైలేమన్నా ఎక్కాలా?”

“లేదమ్మా. పిల్ల... గదిలో ఒక్కతే ఉంది. రాత్రినించీ కొంచెం జలుబు చేసింది.”

“ఒక్కతేనా? ఎవరి దగ్గరా?”

“ఎవరూ లేరమ్మా. తాళం వేసి వస్తాను.”

ఛాయాదేవి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అంత పెద్దమనిషి ఇస్త్రీ బల్ల పక్కన కూర్చోవడం ఉమారాణి ఎప్పుడూ చూడలేదు. ఎంతసేపు వేస్తావు, ఏడుస్తుందా, ఏం తింటుంది, భయపడదా అని ఒక్కొక్కటే అడిగారు. ఉమారాణి బకెట్టు సంగతి చెప్పింది, హీటరు సంగతి చెప్పింది. ఏడిస్తే దగ్గొస్తుందని నేర్పిన సంగతి చెబుతుంటే ఆవిడ కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకున్నారు.

“రఘూ! ఇలా రా. ఈ బకెట్టు బోర్లించడం, అదీ రాసుకో.”

రఘునందన్ నిలబడే ఫోన్లో రాసుకున్నాడు. ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఉమారాణి ఎదురుచూసింది. ఇప్పుడంటారు, వెళ్ళి తీసుకురావే అని. నోటి చివరిదాకా వచ్చే ఉంటుంది.

“శుక్రవారం నువ్వు నాతో పార్లమెంటుకి రావాలి ఉమా” అన్నారు ఛాయాదేవి గారు లేస్తూ. “మీలాంటి తల్లుల కోసమే నా బిల్లు. పని ఇచ్చిన ఇంట్లోనే పిల్లకి చోటివ్వాలని. రెండు శుక్రవారాలు చర్చ అయింది, ఇది ముగింపు. పైన గ్యాలరీలో కూర్చుని నువ్వు వినాలి.”

వంటింట్లో అనంతరామయ్య వంకాయలు తరుగుతూ అంతా విన్నాడు. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంట్లో వంట ఆయనదే.

“మరి పిల్లని తెచ్చుకోమందా?” అన్నాడు.

“చట్టమే తెస్తున్నారుగా బాబాయ్.”

“అదీ నిజమేలే. ఇంటి గుమ్మంలోంచి రావడానికి పార్లమెంటు చుట్టూ తిరిగి రావాలన్నమాట.”

ఉమారాణికి ఆ ఎకసెక్కం నచ్చలేదు. ముసలాయనకి అన్నిట్లో వంకలే కనపడతాయి అనుకుని గిన్నెలు ముందేసుకుంది.

పదేళ్ళలోపు పిల్లల్ని గ్యాలరీలోకి రానివ్వరని శుక్రవారం మధ్యాహ్నం పాసు చేతికిస్తూ చెప్పాడు రఘునందన్. రెండింటికల్లా వచ్చేస్తానని రవికిరణ్ ముందురోజే మాటిచ్చాడు. రెండున్నరకి ఫోను చేస్తే ఫ్లైఓవరు మీద లారీ ఆగిపోయిందట, కదలడం లేదట. “నువ్వెళ్ళు, అరగంటలో నేనుంటా” అన్నాడు. చాందిని కూడా పనిలో ఉంది. గేటు దగ్గర కారు హారన్ కొట్టింది.

ఉమారాణి బకెట్టు బోర్లించింది. హీటరు పైకెక్కించింది.

“అన్నం అయిపోయింది కదా, మళ్ళీ ఎక్కడికి?” అన్నట్టు చూసింది సాత్విక. రోజూ అడిగే ప్రశ్నలు అడగడానికి ఉమారాణికి నోరు రాలేదు. తాళం వేసి పరిగెత్తింది.

లోపలికి వెళ్ళేముందు ఫోను తీసేసుకున్నారు. మూడుచోట్ల తడిమి చూశారు. పైన మెత్తటి కుర్చీలో కూర్చున్నాక, రవికిరణ్ చేరాడో లేదో తెలుసుకునే దారి లేదని తట్టింది. వేళ్ళు కొంగు చివర ముడి వేస్తున్నాయి, విప్పుతున్నాయి. కింద అంత పెద్ద సభలో పట్టుమని యాభైమంది కూడా లేరు. శుక్రవారం సాయంత్రం కదా, చాలామంది విమానాలు ఎక్కేసి ఉంటారని పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరితోనో హిందీలో అంటున్నాడు.

మంత్రి గారు హిందీలో చాలాసేపు మాట్లాడారు. సభ్యురాలి మనసు చాలా గొప్పదన్నారు. ఈ దేశంలో తల్లిని మించిన దైవం లేదన్నారు. ప్రభుత్వం కూడా లోతుగా ఆలోచిస్తోందన్నారు. ఒక్కమాట కూడా వద్దని అనలేదు. ఉమారాణి గుండె కొంచెం కుదుటపడింది.

తరవాత ఛాయాదేవి గారు లేచారు. మొన్న ఉమారాణి ఇస్త్రీ చేసిన చీరే. మాట తెలుగులో మొదలైంది.

“అధ్యక్షా, ఈ నగరంలో నాకు తెలిసిన ఒక తల్లి ఉంది. రోజూ పనికి వెళ్ళేముందు ఆమె ఏం చేస్తుందో తెలుసా? బకెట్టులో నీళ్ళు పారబోస్తుంది. చంటిబిడ్డ అందులో మునిగిపోతుందని. చలికి హీటరు ఆపేస్తుంది. ఒంటరిగా ఉన్న బిడ్డ కాలిపోతుందని. ఏడిస్తే దగ్గొస్తుందని ఆ బిడ్డకి నేర్పింది. ఎవరో పెద్దింట్లో పనిచేస్తుంది ఆ తల్లి. ఆ పెద్దింటి వాళ్ళకి వంద గజాల దూరంలో ఏడుస్తున్న ఆ బిడ్డ గొంతు వినపడదు!”

ఒకాయన చేతిలో ఫోను కింద పెట్టేశాడు. ఉమారాణికి ఏడుపొచ్చింది. తన బకెట్టు, తన హీటరు, ఇంత పెద్ద కప్పు కింద, ఇంతమంది చెవుల్లో. ఎవరో పెద్దిల్లు అన్నచోట మాత్రం ముల్లులాంటిది ఒకటి తగిలింది. మేడమ్ ఇల్లని చెబితే మర్యాదగా ఉండదు కదా అని తనే సర్దిచెప్పుకుంది.

చివర్లో ఛాయాదేవి గారు కాగితం చూస్తూ ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. పై కుర్చీలో ఉన్నాయన కూడా ఇంగ్లీషులోనే గబగబా ఏదో అడిగారు. కింద ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో సరే అన్నారు. ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. బల్లలు చరిచారు. మంత్రి గారు లేచి ఛాయాదేవి గారికి నమస్కారం పెట్టారు.

అయిపోయింది. చట్టం వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. సందులో అప్పుడే అడుగుపెడుతున్నాడు రవికిరణ్. అంటే ఇంతసేపూ ఎవరూ లేరు. తలుపు కింది సందులోంచి నాలుగు చిన్న వేళ్ళు బయటికి ఉన్నాయి, నేలమీద, కదలకుండా. ఉమారాణికి కంగారులో తాళంచెవి కుదరలేదు. రవికిరణే లాక్కుని తీశాడు. తలుపుకి ఆనుకుని నిద్రపోయింది పిల్ల. ఒళ్ళు చల్లగా ఉంది, ఊపిరి వెచ్చగా ఉంది.

“ఇదే ఆఖరు” అంది ఉమారాణి పిల్లని పైటలోకి చుట్టుకుని. “రేపటినించి నాతోనే.”

“ఎవరన్నారు?”

“చట్టమైపోయింది. అందరూ ఒప్పుకున్నారు. నా కళ్ళతో చూశా.”

“అంత తొందరగానా?” అని రవికిరణ్ తల గోక్కున్నాడు. “మా కంపెనీలో టైరు మార్చాలంటేనే నాలుగు సంతకాలు కావాలి.”

చాందిని వచ్చింది చప్పుడు విని. సంగతంతా విని, “నిజంగానా ఉమా? నాకూ వర్తిస్తుందా?” అంది. “మా ఎంపీ సభలో ఉండే ఉంటాడే. అతను కూడా సరే అన్నాడా?”

“అందరూ అన్నారు దీదీ.”

చాందిని నమ్మీ నమ్మనట్టు నవ్వింది. “అయితే రేపు నువ్వు తీసుకెళ్ళు. నేను ఎల్లుండి తీసుకెళ్తా. ముందు నీది ఏమవుతుందో చూస్తా.”

శనివారం సాత్వికకి తల దువ్వి, కాటుక పెట్టి, చెయ్యి పట్టుకుని వెనక తలుపులోంచి తీసుకెళ్ళింది ఉమారాణి. అనంతరామయ్య గరిటె పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. మూలన పీట వేసి, శనగలు నాలుగు గిన్నెలో పోసిచ్చాడు. పిల్ల గంటసేపు ఆ శనగలతోనే ఆడింది. ఉమారాణి గిన్నెలు తోముతూ పదిసార్లు వెనక్కి తిరిగి చూసింది. ప్రతిసారీ పిల్ల అక్కడే ఉంది. ఇంటి పని అంత తేలికని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

పదకొండింటికి మహిళా సంఘాల వాళ్ళు వచ్చారు, పూలగుత్తులతో, శాలువాలతో. ఇద్దరు విలేఖర్లు కూడా ఉన్నారు. ఉమారాణి టీలు అందిస్తుంటే, పరదా పక్కనించి సాత్విక తల్లిని వెతుక్కుంటూ హాల్లోకి వచ్చేసింది.

“ఎవరీ బంగారం?” అందొకావిడ.

ఛాయాదేవి గారు ఒక్క క్షణం ఆగారు. ఆ ఒక్క క్షణం ఉమారాణి ఒక్కతే చూసింది. మరుక్షణం ఆవిడ వంగి సాత్వికని ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. “మా ఉమ కూతురు. మా ఇంటి పిల్లే.” ఫోన్లన్నీ ఒక్కసారి పైకి లేచాయి. సాత్విక ఆవిడ కళ్ళజోడు పట్టుకుని లాగితే అంతా నవ్వారు.

కార్లన్నీ వెళ్ళాక రఘునందన్ వంటింట్లోకి వచ్చాడు.

“పిల్లని ఎవరు తెమ్మన్నారు నిన్ను?”

“నిన్న చట్టమైంది కదా సార్.”

అతను మొదట అర్థంకానట్టు చూశాడు. తరవాత గోడకి ఆనుకుని నవ్వాడు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వి, “మేడమ్! ఒకసారి రండి, ఇది వినాలి మీరు” అని కేకేశాడు.

ఛాయాదేవి గారు నవ్వలేదు. ఉమారాణిని కూర్చోమన్నారు, ఆమె కూర్చోలేదు.

“బిల్లు వెనక్కి తీసుకున్నానే. మంత్రులు కాని మాలాంటి సభ్యులు శుక్రవారాల్లో సొంతంగా పెట్టే బిల్లుని, మంత్రి గారు ఆలోచిస్తామని హామీ ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఆనవాయితీ. అలా తీసుకోవడానికి సభ అనుమతి కావాలి. వాళ్ళు సరే అన్నది దానికి.”

“అంటే... వద్దని చెప్పడానికి సరే అన్నారామ్మా?”

“వద్దని కాదు. పట్టుబట్టి ఓటింగు పెడితే ఓడిపోతాం. ఓడిపోయిందంటే పదేళ్ళదాకా ఆ మాట ఎవరూ ఎత్తరు. ఇప్పుడు నేను మాట్లాడింది రికార్డులో ఉంది. ఎప్పటికీ ఉంటుంది.” గొంతు తగ్గించారు. “నీ బాధ నాకు తెలుసు. కానీ వంటిల్లు, నిప్పూ నీళ్ళూ. ఇంతకుముందు పనిచేసినామె పిల్లాడు కాలు కాల్చుకున్నాడు. ఏదన్నా జరిగితే పేపర్లో నా పేరు వస్తుంది. సోమవారంనించి తీసుకురాకు. చూద్దాం, ఏదో ఒకటి చేద్దాం.”

ఆ మధ్యాహ్నం పేపర్లు కత్తిరిస్తూ ఉమారాణి ఫైళ్ళు మూడూ మొదటినించీ తిరగేసింది. ఆయాల బిల్లు, బీడీల బిల్లు, బాలింతల బిల్లు. మాట్లాడిన రోజు వార్త ఉంది, ఫోటో ఉంది. ఆ తరవాతి వార్త ఎక్కడా లేదు. రఘునందన్ బల్లమీద కొత్త పుస్తకం అచ్చుకి సిద్ధంగా ఉంది, ఎన్నికల కోసం, మేడమ్ చేసిన పనులన్నీ వేసి. దాన్ని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కలెక్టరు పరీక్షకి చదువుకునే కుర్రాళ్ళెవరో తయారుచేశారు. కింద వాళ్ళు తెచ్చిన అసలు పట్టిక ఉంది. తొమ్మిది బిల్లులు. ఆరింటి ఎదుట వెనక్కి తీసుకున్నారు అని ఉంది. మూడింటి ఎదుట చర్చకి రాలేదు అని. ఇంకో కాగితంలో పెద్ద పెద్ద ఓటింగులు. ఎదురుగా ఎక్కువచోట్ల ఒకటే మాట, సభలో లేరు. రంగుల పుస్తకంలో చివరికి ఏమైందో చెప్పే ఆ ఆఖరి గడి లేదు.

“ఓటింగుకి లేకపోతే ఎక్కడుంటారు బాబాయ్?” అని అడిగింది.

“బయటికొచ్చి మైకుల ముందు మాట్లాడతారు, నిరసన అని” అన్నాడు అనంతరామయ్య. “లోపలుంటే చెయ్యెత్తాలి. ఎత్తితే పార్టీకి కోపం, ఎత్తకపోతే జనానికి కోపం. బయటుంటే ఎవరికీ కోపం లేదు. అమ్మ చెడ్డది కాదే పిల్లా. ఏడిస్తే నిజంగానే ఏడుస్తుంది. దాంతో సరి.”

సోమవారం మళ్ళీ బకెట్టు బోర్లించింది ఉమారాణి. శనివారం ఆశ చూపించినందుకు ఈసారి సాత్విక అడుగుల చప్పుడు పోయేదాకా కూడా ఆగలేదు. తలుపు మూస్తుండగానే గుక్కపట్టింది.

పది గంటలకి టీవీ వాళ్ళొచ్చారు. ఒళ్ళో పిల్లతో ఛాయాదేవి గారి ఫోటో శనివారంనించీ ఫోన్లన్నిట్లో తిరుగుతోందట. మాటల్లోనే కాదు, చేతల్లోనూ అని పేరు పెట్టారట కార్యక్రమానికి. మేడమ్‌తో అయ్యాక పనమ్మాయితో కూడా రెండు మాటలు కావాలన్నారు.

“మేడమ్‌కి పిల్లలంటే ప్రాణమని చెప్పు” అని రఘునందన్ వంటింట్లోనే నేర్పాడు. “అంతకుమించి ఏమడిగినా నవ్వి ఊరుకో.”

తెల్లటి లైటు కళ్ళలో పడింది. మైకు పట్టుకున్నమ్మాయి ఉమారాణి ఈడుదే, హైదరాబాదు తెలుగు. మొదట ఏ ఊరని అడిగింది, ఎన్నాళ్ళయిందని అడిగింది. మేడమ్‌కి పిల్లలంటే ప్రాణమండీ అని ఉమారాణి అప్పజెప్పింది.

“మరి నువ్విక్కడ పని చేస్తుంటే పాప ఎక్కడుంటది?”

కెమెరా వెనక రఘునందన్ నవ్వమని పళ్ళు చూపించి సైగ చేశాడు. సోఫాలో ఛాయాదేవి గారు కళ్ళజోడు సర్దుకుంటున్నారు. ఆ సమయానికి గదిలో హీటరు లేదు. ఏడుపు ఆగిపోయి ఉంటుంది, దగ్గు మొదలై ఉంటుంది. నిజం చెబితే సాయంత్రానికి గది ఖాళీ చెయ్యాలి. నవ్వి ఊరుకుంటే రేపు పొద్దున కూడా ఇంతే.

“నాతోనే ఉంటుందండి” అంది ఉమారాణి. గొంతు తనది కానట్టు స్థిరంగా వచ్చింది. “వంటింట్లో. వచ్చిన మొదటిరోజే మేడమ్ గారు చెప్పారు, పిల్లని గదిలో వదలొద్దు, నాతో తెచ్చుకోమని. రోజూ ఇక్కడే ఆడుకుంటుంది. నా పిల్లే కాదండి, మా సందులో పిల్లలెవరొచ్చినా మేడమ్ ఏమీ అనరు.”

“ఇప్పుడేదీ మరి? కనపడతలేదు?”

“పడుకుందండి ఇందాకే. తీసుకొస్తాను, ఉండండి.”

ఎవరూ ఏమీ అనకముందే లేచింది. వెనక తలుపులోంచి సందులోకి పరిగెత్తింది. తాళం తీసి, చీమిడి ముక్కు కొంగుతో తుడిచి, పిల్లని చంకనేసుకుని తిరిగొచ్చి, నేరుగా ఛాయాదేవి గారి ఒళ్ళో కూర్చోబెట్టింది. ఆవిడ రెండు చేతులా పట్టుకున్నారు. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

మంగళవారం పిలవకుండానే పిల్లతో వచ్చింది. రఘునందన్ నోరు తెరవబోతే, “నిన్న టీవీలో చెప్పాను కదా సార్, మేడమ్ మాట అబద్ధమైపోదూ?” అంది. ఛాయాదేవి గారు టీ తాగుతూ ఆమె వంక చూశారు. అంతలోనే ఫక్కున నవ్వారు.

“నువ్వు అంట్లు తోముకుంటూ ఉండాల్సినదానివి కాదే. సరే, ఉంచుకో. వంటింటి గడప దాటకూడదు. నీ పిల్ల ఒక్కతే, తెలిసిందా? ఊళ్ళో వాళ్ళందరినీ పోగేసి నా ఇల్లు సంత చెయ్యకు.”

“అలాగేనమ్మా.”

గురువారం పేపర్లో పెద్ద వార్త వచ్చింది. ఏదో సభలో మంత్రి గారు మాట్లాడుతూ ఛాయాదేవి గారిని ఆకాశానికెత్తారు. అన్నిటికీ చట్టాలే అక్కర్లేదు, మనసుంటే చాలు, దానికి ఆ సభ్యురాలి ఇల్లే నిదర్శనం, అక్కడ పనిచేసే తల్లే స్వయంగా చెప్పింది కదా అన్నారు. ఉమారాణి ఆ వార్తని రెండుసార్లు చదివింది. తల్లి అన్నచోట వేలు పెట్టి ఆగింది. వెనక పీట మీద సాత్విక శనగలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పోస్తోంది. కత్తెరతో అంచులు జాగ్రత్తగా కత్తిరించి, తేదీ వేసి, జిగురు రాసి అంటించింది. మడత పడకుండా అరచేత్తో ఒత్తింది.

“సభలో రెండు వైపులవాళ్ళూ పొగిడిన వార్త ఇదొక్కటే” అన్నాడు రఘునందన్ వెనకనించి చూసి. “మొదటి పేజీలో పెడదాం పుస్తకంలో.”

శుక్రవారం పొద్దున్న ఉమారాణి తలుపు తీసేసరికి గుమ్మం ముందు చాందిని నిలబడి ఉంది. చేతిలో పింకీ చెయ్యి. పిల్లకి తలస్నానం చేయించి రెండు పిలకలు వేసింది, ఎర్ర రిబ్బన్లతో. భుజాన చిన్న గుడ్డసంచీ, అందులో చుట్టిన రొట్టె.

“మా మేడమ్ కూడా చూసింది టీవీలో నిన్ను” అంది చాందిని. “నేను ధైర్యం చేసి అడిగా, నా పిల్లనీ తెచ్చుకుంటానని. ‘పక్కింట్లో పిల్లలందరినీ చూసుకుంటున్నారుగా, అక్కడ వదులు, ఇక నన్నడక్కు’ అంది. తీసుకెళ్ళు ఉమా. అల్లరి చెయ్యదు. కూర్చోమన్నచోట కూర్చుంటుంది.”

పింకీ అప్పటికే సాత్విక చెయ్యి పట్టేసుకుంది. ఇద్దరూ ఒకరి స్వెట్టరు బొత్తాలు ఒకరు లెక్కపెడుతున్నారు.

ఉమారాణి వాళ్ళిద్దరినీ చూసింది. తన పిల్ల ఒక్కతే రావాలన్న నిజం చెబితే ఏమవుతుంది? సందులో ఒకరి నోటినించి ఇంకొకరి నోటికి, గోడ దాటి ఆ బంగళాకి, అక్కడినించి టీవీకి. చాందిని ఎవరికీ చెప్పదు. చెప్పదనే గట్టి నమ్మకం ఉందా తనకి? సాత్విక నవ్వుతోంది.

“ఈరోజు ఇంట్లో మీటింగుంది దీదీ” అంది. “మేడమ్‌తో ఒకమాట చెప్పి పెట్టాలి. నేను మాట్లాడతాను. తప్పకుండా మాట్లాడతాను.”

“టీవీలో ఎవరొచ్చినా ఏమీ అనరన్నావుగా.”

“అనరు. అయినా చెప్పాలి కదా ముందు.”

“ఎప్పుడు?”

“ఈ వారంలోనే. నువ్వేం బెంగపెట్టుకోకు.”

చాందిని ఆమె మొహంలోకి చూసింది. ఉమారాణి కళ్ళు దించుకోకుండా ఉండటానికి చాలా కష్టపడింది. చివరికి చాందినే చూపు తిప్పుకుంది.

“ఠీక్ హై” అంది. వంగి కూతురి భుజాన్నించి సంచీ తీసింది. పింకీ చెయ్యి విడిపించి తమ గదిలోకి నడిపించుకుపోయింది. లోపల బకెట్టు బోర్లించిన చప్పుడైంది.

ఉమారాణి కూతుర్ని లాక్కుంటూ గబగబా నడిచింది.

“పింకీ రాదా?”

“రేపొస్తుంది. పద.”

సాత్విక నమ్మేసింది. సందు మధ్యలో ఆగి వెనక్కి తిరిగి, గొంతు చించుకుని అరిచింది. “పింకీ! కల్ ఆనా! రేపు రావాలంట! అమ్మ చెప్పింది!”

మూసుకుంటున్న తలుపు సందులోంచి ఎర్ర రిబ్బను పిలక ఒకటి బయటికొచ్చింది. రేపు వస్తానని పింకీ సంతోషంగా చెయ్యి ఊపింది.